ఆమె సంతకం ఎక్కడుందో చూపించండి

మనిషి పోయి ఇంట్లో ఏడుపులు ఆగకముందే ఫోన్ మోగుతుంది. మీ ఆయన లోన్ బాకీ ఉందమ్మా, మీరు భార్యే కదా, ఎప్పుడు కడతారు అంటారు బ్యాంకు తరఫున వసూలు చేసేవాళ్లు. ఈ "భార్యే కదా" అనే మాటకే మాకు ఒళ్లు మండుతోంది. భార్య అయినంత మాత్రాన అప్పు ఆమెదైపోతుందా?

అదే భార్య తన కోసం లోన్ అడగడానికి వెళ్తే మీ జీతం స్లిప్ ఏది, మీ పేరు మీద ఏముంది అని అడిగేది కూడా వీళ్లే, అప్పుడు ఆమె వేరే మనిషి, ఆయన పోయాక మాత్రం ఇద్దరూ ఒకటే. అమెరికాలో అయితే 1974లో చట్టం తెచ్చేదాకా పెళ్లైన ఆడవాళ్లకి భర్త సంతకం లేకుండా అప్పు పుట్టడమే కష్టంగా ఉండేది. ఇచ్చేటప్పుడు అంత ముఖ్యమైన సంతకం వసూలు దగ్గరికొచ్చేసరికి అక్కర్లేకుండా ఎలా పోయింది?

పోయినాయన అప్పు ఆయన వదిలిన ఆస్తిలోంచి తీరాలి, చాలకపోతే మిగతాది అప్పిచ్చినవాడి నష్టం. మన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్ కూడా వారసుల చేతికొచ్చిన ఆస్తి మేరకే అంటోంది. కో-అప్లికెంట్‌గానో (అంటే ఆయనతో కలిసి అప్పు తీసుకున్న మనిషిగానో) షూరిటీగానో ఆమె సంతకం ఉంటే అది వేరే సంగతి, 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం షూరిటీ ఇచ్చినవాళ్ల బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానం. ఇల్లో బండో తాకట్టులో ఉంటే మనిషి పోయినా తాకట్టు పోదు, వాయిదాలు ఆగితే తీసుకెళ్తారు, కాకపోతే నోటీసుతో, పద్ధతి ప్రకారం తీసుకెళ్లాలి, నలుగురు మనుషుల్ని గుమ్మం ముందు నిలబెట్టి కాదు.

బ్యాంకుల్లో ఉన్నది జనం డిపాజిట్లే, వదిలేస్తే ఎలా అనేవాళ్లున్నారు. వదిలేయమని మేమూ అనట్లేదు, ఆస్తి మీద క్లెయిమ్ వేసుకోండి, కోర్టుకెళ్లండి.

కానీ జరుగుతున్నది అది కాదు. పరువు పోతుందంటారు, పిల్లల పేరెత్తుతారు, చివరికి గొంతు తగ్గించి "ముందు కొంచెం కట్టి ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టండమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. ఆమె సంతకం ఫైల్లో లేదని వాళ్లకి బాగా తెలుసు, అందుకే దానికోసమే వస్తారు, దుఃఖంలో ఉన్నావిడ పెట్టేస్తే లేని బాధ్యతని ఆమె నెత్తికెక్కించడానికి ఒక కాగితం దొరికినట్టే. లోన్ ఇచ్చిన రోజు ఇన్సూరెన్స్ అంటగట్టి ప్రీమియం పట్టుకున్న సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తుకు రాదు, ఆమెకి ముందు చెప్పాల్సింది అదే కదా!

రూల్స్ లేక కాదు. వసూలు కోసం ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చెయ్యొద్దని, కుటుంబసభ్యుల జోలికెళ్లి అవమానించొద్దని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులోనే చెప్పింది. వసూలు ఏజెన్సీ వాళ్లు చేశారు మాకేం తెలీదు అని బ్యాంకులు చెప్పే సాకు ఇంక కట్టిపెట్టండి, ఏజెన్సీని పెట్టుకున్నది మీరే, వాళ్ల చేతికి ఆమె నంబర్ ఇచ్చిందీ మీరే. ఇంకోసారి ఆ నంబర్‌కి డయల్ చేసే ముందు ఫైల్ తెరిచి ఆమె సంతకం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఫోన్ కింద పెట్టండి.