మరణానంతర పదోన్నతి

శ్రీసభలో, అంటే కాథలిక్ చర్చిలో, స్త్రీకి ఆధ్యాత్మికాధికారం ఇవ్వరన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తూ ఉంటుంది. ఇది శుద్ధ అపవాదు. అధికారం తప్పక ఇస్తారు, కాకపోతే ఆమె ముందుగా చనిపోవాలి. 1179లో కన్నుమూసిన మఠాధిపతి హిల్డెగార్డ్‌ను 2012లో శ్రీసభ పండితురాలిగా (బోధనలో ప్రామాణికులైన పునీతులకిచ్చే బిరుదు) ప్రకటించారంటే దస్త్రం కదలడానికి పట్టింది 833 ఏళ్లే. అదే బిరుదుకు సియెనా కేథరిన్‌కు 590 ఏళ్లు, అవిలా తెరెసాకు 388 ఏళ్లు పట్టాయి. ఎంత ఆలస్యంగా పుడితే అంత త్వరగా పని జరుగుతుందన్నమాట. ఫ్రెంచ్ సేనను నడిపిన జోన్ ఆఫ్ ఆర్క్‌ను 1431లో మతపెద్దల న్యాయస్థానమే దోషిగా తేల్చి మంటలకు అప్పగించింది. ఆ తీర్పు చెల్లదని 1456లో మళ్లీ మతపెద్దలే తేల్చారు, 1920లో పునీతురాలిగా పీఠమెక్కించారు. బూడిద ఎదురు మాట్లాడదు కనుక ఈ పద్ధతిలో సౌకర్యం ఎక్కువ.

చిక్కంతా బతికుండగా నోరు విప్పేవారితోనే. యేసు ఖాళీ సమాధిని చూసి పరుగున వచ్చిన మగ్దలేనే మరియ, ఆమెతోటి స్త్రీలు చెప్పినది అపొస్తలులకు వెఱ్ఱిమాటలుగా తోచిందని సువార్తలో లూకాయే రాశాడు. క్రైస్తవానికి పునాది అయిన వార్తను మొట్టమొదట మోసుకొచ్చినవారికి దక్కిన స్వాగతం అది. ఇక పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, ప్రవచించే స్త్రీ తల మీద ముసుకు ఉండాలన్న మాట పదకొండో అధ్యాయంలో ఉంది, సంఘంలో ఆమె మౌనంగా ఉండాలన్న మాట పద్నాలుగులో ఉంది. ప్రసంగవేదిక మీద గ్రంథం తెరిచిన ప్రతిసారీ పద్నాలుగో అధ్యాయమే తెరుచుకుంటుంది. పదకొండో అధ్యాయం పుటలు ఒకదానికొకటి అంటుకుపోయాయి కాబోలు.

రోమీయులకు రాసిన పత్రికలో అపొస్తలులలో ప్రసిద్ధికెక్కినదిగా కనిపించే యూనీయ కథ మరీ ముచ్చటైనది. అపొస్తలుల వరుసలో ఆడపేరు కంట్లో నలుసులా గుచ్చుకోవడంతో, కొందరు వ్యాఖ్యాతలు చివర ఒక్క అక్షరం తగిలించి ఆమెను యూనియాస్ అనే పురుషుణ్ణి చేశారు. ప్రాచీన శాసనాలలో ఎక్కడా కనిపించని ఆ పేరుగల పెద్దమనిషి చాలాకాలం గౌరవంగానే బతికాడు.

ఆధ్యాత్మిక గ్రంథం రాసి మతద్రోహి అనిపించుకున్న మార్గరీట్ పొరేట్‌కు మాత్రం ఏ అక్షరమూ అక్కరకు రాలేదు. 1310లో పారిస్ నడిబొడ్డున ఆమెను సజీవంగా కాల్చారు. ఆమె పుస్తకం మాత్రం పేరు లేకుండా తప్పించుకుంది. సన్యాసులు దాన్ని భక్తితో చదివారు, లాటిన్‌లోకి అనువదించారు. రాసినది ఆమేనని 1946లో ఒక ఇటాలియన్ పరిశోధకురాలు బయటపెట్టింది. అప్పటికి అది కాల్చడానికి వీలులేనంతగా పూజ్యగ్రంథమైపోయింది.