రికార్డు ధర పెరిగింది, పాడినవాళ్లకేం మిగిలింది?

1965లో డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు సంస్థ తన 'సోల్' లేబుల్ (బ్రాండు పేరు) మీద ఫ్రాంక్ విల్సన్ పాడిన 'డు ఐ లవ్ యూ' పాటను 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) చిన్న రికార్డుగా సిద్ధం చేసింది. రేడియో స్టేషన్లకు పంపే డెమో కాపీలు అచ్చయ్యాయి గానీ విడుదల ఆగిపోయింది. విల్సన్ గాయకుడిగా కాకుండా పాటల రచయితగా, నిర్మాతగా కొనసాగాడు. డెమోలను నాశనం చేశారు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రం తప్పించుకున్నాయి. వాటిలో ఒకటి 2009లో బ్రిటన్‌లో 25,742 పౌండ్లు పలికింది. 2020లో మళ్లీ ఒక కాపీ లక్ష పౌండ్లకు అమ్ముడైనట్టు వార్తలొచ్చాయి.

ఈ అంకెలు చూసి ముచ్చటపడేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి వెళ్లిందో ఒకసారి చూడాలి. అమ్మిన సేకర్తకు, మధ్యలో వేలం వేసిన వ్యాపారికి. పాడినవాడికి, వాయించినవాళ్లకు, రాసినవాడికి ఒక్క పెన్నీ కూడా రాదు. బ్రిటన్‌లో 2006 నుంచి చిత్రకారులకు పునర్విక్రయ హక్కు ఉంది. బొమ్మ గ్యాలరీలోనో వేలంలోనో మళ్లీ అమ్ముడైతే గీసినవాళ్లకు కొంత శాతం వెళ్తుంది. రికార్డుకు అలాంటిదేమీ లేదు. అందుకే అరుదైన సోల్ (నల్లజాతి అమెరికన్ల పాటల శైలి) రికార్డుల సేకరణలో 'తిరిగి కనుగొనడం' అనే మాటను తేలిగ్గా వాడకూడదు. పాట దొరికితే సగం పనే అయినట్టు. పాడినవాళ్ల పేరు, హక్కు, వాటా కూడా వాళ్ల చెంతకు చేరినప్పుడే ఆ పని పూర్తవుతుంది.

ఈ పాటలు అసలు ఎందుకు మాయమయ్యాయి? 1960ల్లో డెట్రాయిట్, చికాగో, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, లాస్ ఏంజెలెస్‌లలో చిన్న చిన్న లేబుళ్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. ఆ రికార్డులు వందల్లో అచ్చయ్యేవి. కొన్ని పెట్టెలు స్థానిక రేడియోకి, కొన్ని దుకాణాలకు వెళ్లేవి, మిగిలినవి నిర్మాత కారు డిక్కీలో ఉండిపోయేవి. పాట హిట్టయితే చిక్కు ఇంకా పెద్దది. రికార్డులు అచ్చువేసే ప్రెస్సింగ్ ప్లాంటుకు డబ్బు ముందే కట్టాలి, డిస్ట్రిబ్యూటరేమో నెలల తర్వాత ఇస్తాడు. లేబుల్ దగ్గర తర్వాతి హిట్ లేకపోతే అసలు ఇవ్వకపోయినా అడిగే దిక్కు లేదు. ఒక్క విజయంతోనే మునిగిపోయిన లేబుళ్లున్నాయి. వాషింగ్టన్‌లోని ష్రైన్ లేబుల్ కథ మరీ విషాదం. 1960ల మధ్యలో కొద్దికాలం నడిచి మూతపడింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత 1968 ఏప్రిల్‌లో జరిగిన అల్లర్లలో దాని మిగతా సరుకు చాలావరకు కాలిపోయిందంటారు. సోల్ సేకర్తలు ఇప్పటికీ అన్నిటికంటే అరుదుగా చూసే లేబుళ్లలో అదొకటి.

అమెరికా మరిచిపోయిన ఈ సరుకుకు ప్రాణం పోసింది ఉత్తర ఇంగ్లండ్ కార్మిక పట్టణాల యువత. లండన్‌లో 'సోల్ సిటీ' దుకాణం నడిపిన పాత్రికేయుడు డేవ్ గాడిన్ ఒక సంగతి గమనించాడు. ఉత్తరాది నుంచి వచ్చే కుర్రాళ్లు కొత్త ఫంక్ పాటలు అడగడం లేదు, 1960ల మధ్యనాటి వేగమైన మోటౌన్ తరహా పాటలే కావాలంటున్నారు. ఆ అభిరుచికి ఆయన 'నార్తర్న్ సోల్' అని పేరు పెట్టాడు. 1970లో 'బ్లూస్ అండ్ సోల్' పత్రికలో రాశాక ఆ పేరు స్థిరపడింది. ఈ పాటలు మోగిన మాంచెస్టర్‌లోని ట్విస్టెడ్ వీల్ క్లబ్బు 1971లో మూతపడింది. 1973లో తెరిచిన విగన్ కసీనో క్లబ్బు 1981 దాకా రాత్రంతా నాట్యాలతో హోరెత్తింది. అక్కడ డీజేకి గౌరవం తెచ్చేది ఇంకెవరి దగ్గరా లేని రికార్డు.

అసలు తంటా అక్కడే మొదలైంది. డీజేలు తమ రికార్డు పేరు పోటీ డీజేకి తెలియకూడదని లేబుల్ మీద తెల్లకాగితం అంటించి, మైకులో తప్పుడు పేరు చెప్పేవారు. దీన్నే కవరప్ అంటారు. ఫ్రాంక్ విల్సన్ పాట కూడా మొదట దొంగ ముద్రణలో ఎడ్డీ ఫోస్టర్ అనే పేరుతోనే తిరిగింది. మోటౌన్ బ్రిటిష్ శాఖ దాన్ని అధికారికంగా విడుదల చేసింది 1979లో. కవరప్‌ను ముచ్చటైన సంప్రదాయంగా చెప్పుకునేవాళ్లున్నారు. అది డీజేలను కొత్త పాటల వేటకు ఉసిగొల్పిందన్నది నిజమే. ఆ పోటీయే లేకపోతే అమెరికా గోదాముల్లో ఎన్నో పెట్టెలు చెత్తలోకి పోయేవి. అయితే ఆ గోప్యతకు మూల్యం చెల్లించింది గాయకులు. తమ పాటలకు సముద్రం అవతల వందలమంది నాట్యం చేస్తున్నారని ఏళ్ల తరబడి వాళ్లకు తెలియనే లేదు. తెలిస్తే కదా, అడగడానికి!

గ్లోరియా జోన్స్ ఉదాహరణ ఇంకో కోణం చూపిస్తుంది. 1965లో చాంపియన్ లేబుల్ మీద ఆమె పాడిన 'టెయింటెడ్ లవ్' ఒక రికార్డుకు వెనకవైపు పాట, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. డీజే రిచర్డ్ సర్లింగ్ 1973లో అమెరికా నుంచి తెచ్చి వేశాక ఉత్తర ఇంగ్లండ్‌లో మోగిపోయింది. 1981లో సాఫ్ట్ సెల్ బృందం తిరిగి పాడితే బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అలా తిరిగి పాడినప్పుడు రచయితకు, పాట హక్కులు చూసే ప్రచురణ సంస్థకు రాయల్టీ వెళ్తుంది. మొదట పాడిన గొంతుకు ఏమీ వెళ్లదు. ఆమెకు ఏమైనా దక్కాలంటే ఆమె రికార్డునే సరైన లైసెన్సుతో మళ్లీ విడుదల చేయాలి.

ఈ పనిని పద్ధతిగా చేసిన సంస్థలు లేకపోలేదు. లండన్‌లోని ఏస్ రికార్డ్స్ 1982లో మొదలుపెట్టిన కెంట్ లేబుల్, 2003లో చికాగోలో పుట్టిన న్యూమెరో గ్రూప్ రెండూ మాస్టర్ టేపుల (అసలు రికార్డింగు టేపుల) యజమానుల్ని వెతికి పట్టుకుని, ఒప్పందాలు రాసుకుని సంకలనాలు తెచ్చాయి. న్యూమెరో తొలి సంకలనం ఒహాయోలోని కొలంబస్‌లో బిల్ మాస్ నడిపిన క్యాప్‌సోల్ లేబుల్‌దే. ఆ రికార్డుతో వచ్చే చిన్న పుస్తకం తెరిస్తే ఎవరు వాయించారు, ఏ స్టూడియో, లేబుల్ ఎలా మునిగింది అన్నీ ఉంటాయి. దొంగ ముద్రణలో ఒక పేరు, ఒక పాట తప్ప ఇంకేం ఉండవు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

అసలు రికార్డే కొనాలనుకునేవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది దాన్ని చదవడం. లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య నున్నటి నల్లటి వలయం ఉంటుంది. ఫోన్ టార్చిని వాలుగా పట్టుకుని తిప్పితే చేత్తో గీసిన అక్షరాలో, అచ్చుగుద్దిన ముద్రలో కనిపిస్తాయి. అదే మ్యాట్రిక్స్. లాస్ ఏంజెలెస్‌లోని మోనార్క్ ప్లాంటులో అచ్చయితే చిన్న త్రికోణం, దాని పక్కన ఒక సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యలు వరుసగా పెరుగుతూ పోతాయి కాబట్టి అచ్చయిన కాలం పట్టుకోవచ్చు. సిన్సినాటిలో చిన్న లేబుళ్లకు పనిచేసిన రైట్ సంస్థ అంకెలూ ఇలాగే వరుసగా ఉంటాయి. ఆర్‌సీఏ కస్టమ్ విభాగంలో తయారైతే మ్యాట్రిక్స్ మొదటి అక్షరమే సంవత్సరం చెబుతుంది: 'ఆర్' 1964, 'ఎస్' 1965, 'టి' 1966, 'యు' 1967. 1965 నాటి అసలు ప్రతి అని చెప్పి 'యు'తో మొదలయ్యే రికార్డు అమ్మజూపితే అక్కడితో బేరం ఆపేయొచ్చు.

రెండో పరీక్ష పదార్థం. 1960ల అమెరికన్ 45 రికార్డుల్లో చాలావాటిని వినైల్‌తో కాక పాలీస్టైరీన్ (స్టైరీన్) అనే ప్లాస్టిక్‌తో, దాన్ని కరిగించి అచ్చులోకి పంపి చేశారు. స్టైరీన్ ప్రతి తేలిగ్గా, గట్టిగా ఉంటుంది, వంగదు, గోటితో తడితే కీచుమని మోగుతుంది. లేబుల్ రికార్డుతో కలిసి అచ్చవ్వదు, పైన జిగురుతో అంటించి ఉంటుంది. ఫలానా పాట అసలు ప్రతి స్టైరీన్ అని రూఢిగా తెలిసినప్పుడు, మీ చేతిలోది వినైల్ అయితే అది వేరే ప్లాంటు ముద్రణ కావాలి, లేదా నకిలీ. నకిలీల్లో లేబుల్ అక్షరాల అంచులు పాకినట్టుంటాయి. ఎందుకంటే అది అసలు లేబుల్‌ను ఫొటో తీసి చేసిన అచ్చు. చేత్తో గీసిన మ్యాట్రిక్స్ ఉండాల్సిన చోట ముద్ర గుద్దినట్టు ఉన్నా అనుమానించాలి.

స్టైరీన్‌తో పెద్ద కష్టం అరుగుదల. డీజేలు పాట మొదలు పట్టుకోవడానికి రికార్డును ముందుకూ వెనక్కూ తిప్పుతారు. వినైల్ దీన్ని కొంత తట్టుకుంటుంది, స్టైరీన్ తట్టుకోదు. మొదటి రెండు మూడు గాళ్ల దగ్గర బూడిదరంగు పట్టీ కనిపిస్తే పాట బుసకొడుతూ మొదలవుతుందని అర్థం. ఫొటోలో ఇది సరిగా కనపడదు. కాబట్టి డబ్బు పంపేముందు పాట తొలి 20 సెకన్ల ఆడియో అడగాలి. 'స', 'ష' అక్షరాలు చిరిగినట్టు వినిపిస్తే లోపలి గాళ్లు కూడా అరిగాయన్నమాట. కడగడం వల్ల అది బాగుపడదు.

గ్రేడింగ్, అంటే రికార్డు ఎంత బాగుందో తేల్చడం దగ్గర బ్రిటన్, అమెరికాల లెక్క వేరు. అమెరికన్ గోల్డ్‌మైన్ పద్ధతిలో వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్) అన్నది బ్రిటిష్ వాళ్ల ఎక్సలెంట్‌కు దగ్గరగా ఉంటుంది. గోల్డ్‌మైన్ లెక్కన నియర్ మింట్ (దాదాపు కొత్తది) ధరలో వీజీ ప్లస్‌కు దాదాపు 50 శాతం, వీజీకి 25 శాతం. నాలుగో ఐదో కాపీలే మిగిలిన పాటకు మాత్రం ఈ లెక్క పనిచేయదు, గీతలున్నా ఎగబడి కొంటారు. ధర తెలుసుకోవడానికి రికార్డుల ఆన్‌లైన్ సంత డిస్కాగ్స్‌లో అమ్మకానికి పెట్టిన రేటు చూడొద్దు, అది అమ్మేవాడి ఆశ మాత్రమే. నిజంగా అమ్ముడైన రేట్ల చరిత్ర, పాత వేలం ఫలితాలు దాచిపెట్టే పాప్‌సైక్ రెండూ కలిపి చూడాలి. డెమో అయితే ఎప్పుడూ ఎక్కువ ధర అన్న నమ్మకం కూడా తప్పు. రేడియోలకు పంచి, దుకాణాల్లో అమ్ముడుపోని పాటలకు దుకాణపు ప్రతే అరుదు.

డెట్రాయిట్, చికాగో, కొలంబస్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ రికార్డులు ఊళ్లోనే దొరికే అవకాశం ఉంది, ముఖ్యంగా పాత సామాన్ల అమ్మకాల్లో. ఇండియాకు తెస్తే మాత్రం జాగ్రత్తలు మారతాయి. ఎండలో ఆపిన కారులో గంటసేపు ఉంచితే వినైల్ వంకర తిరుగుతుంది. కోస్తా తేమకు పాత కాగితపు కవర్లు బూజు పడతాయి. వాటిని విడిగా దాచి, రికార్డును పాలిథిన్ లోపలి కవర్లో వేసి నిలువుగా పెట్టాలి. పీవీసీ కవర్లు వద్దు, అందులోని రసాయనం కాలక్రమంలో రికార్డు మీద మసక తెస్తుంది. స్టైరీన్‌ను కడిగేటప్పుడు లేబుల్ తడవనివ్వకూడదు, జిగురు ఊడొస్తుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్ చాలు, ఆల్కహాల్ జోలికి పోకపోవడమే మంచిది. ఇంట్లో తాతల నాటి 78 ఆర్‌పీఎం ప్లేట్లుంటే వాటికి ఆల్కహాల్ అసలే తగలకూడదు, లక్క కరిగిపోతుంది. ముల్లు కోన్ ఆకారంలో ఉన్నది వాడి, బరువు తయారీదారు చెప్పిన పరిధిలోనే పెట్టాలి. అమెరికన్ 45 రికార్డు మధ్యరంధ్రం 38 మిల్లీమీటర్లు కాబట్టి అడాప్టర్ తప్పనిసరి.

ఆ 78 ఆర్‌పీఎం ప్లేట్ల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన పౌరాణిక నాటక పద్యాల ప్లేట్లు యూట్యూబ్‌లో కనిపించినప్పుడు లేబుల్ ఫొటో, ప్లేటు నంబరు లేకుండా పైన సేకర్త పేరు మాత్రం పెద్దగా వేస్తున్నారు. ఇదీ ఒక రకం కవరప్పే. పాడినదెవరో తేల్చడానికి ఉన్న ఏకైక ఆధారాన్ని దాచేస్తున్నాం.

అరుదైన రికార్డు చేతికొచ్చిన వాళ్లు చేయాల్సిన పని పెద్దదేం కాదు. రెండు వైపుల లేబుళ్లు, మ్యాట్రిక్స్ ఫొటో తీయాలి. పాటను 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ డిజిటల్ ఫైలుగా రికార్డు చేసి, శబ్దం శుభ్రం చేయని మూల ఫైలును అలాగే దాచాలి. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే రచయిత, అరేంజర్, ప్రచురణ సంస్థ, ఊరు అన్నీ రాసి పెట్టాలి. గాయకుల ఆచూకీ దొరికే దారి అక్కడుంది. పాటల రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే బీఎంఐ, ఆస్కాప్ సంస్థల పాటల జాబితాలను ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. అమెరికా కాపీరైట్ నమోదుల పాత సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ప్రచురణ సంస్థ పేరుతో మొదలుపెడితే రచయిత పూర్తి పేరు దొరుకుతుంది, అక్కడి నుంచి బృందం దాకా వెళ్లొచ్చు.

ఇప్పుడు చట్టం కూడా కొంత తోడొచ్చింది. 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డయిన పాటలకు అమెరికాలో చాలాకాలం ఫెడరల్ రక్షణే లేదు, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. 2018లో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం ఆ లోటు తీర్చింది. 1957 నుంచి 1972 మధ్య వచ్చిన రికార్డింగులకు 2067 ఫిబ్రవరి దాకా రక్షణ ఉంది. అంటే సోల్ రికార్డుల స్వర్ణయుగం దాదాపు మొత్తం ఇందులోకే వస్తుంది. ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియోల్లో ఈ పాట మోగితే సౌండ్‌ఎక్స్ఛేంజ్ సంస్థ రాయల్టీ వసూలు చేస్తుంది. అందులో 50 శాతం రికార్డింగ్ యజమానికి, 45 శాతం ప్రధాన గాయకులకు, 5 శాతం ఇతర కళాకారులకు. నమోదుకు ఫీజు లేదు. గాయకులు చనిపోయినా వారసులు నమోదు చేసుకోవచ్చు. గాయకుల వాటాకు గుర్తింపు రుజువులు చాలు. యజమాని వాటా దగ్గరే తగువులొస్తాయి, ఎందుకంటే మూతపడిన లేబుల్ హక్కులు ఎవరికి చేరాయో కాగితం లేకుండా తేలదు. అందుకే ఏ కుటుంబమైనా దొరికినప్పుడు మొదట అడగాల్సింది ఇంకో రికార్డు ఉందా అని కాదు. పాత ఒప్పందం, చెక్కు కౌంటర్‌ఫాయిళ్లు, స్టూడియో బిల్లు, టేపు పెట్టె మీది చేతిరాత ఏమైనా మిగిలాయా అని అడిగి, దొరికినవన్నీ స్కాన్ చేసి ఒక ప్రతి వాళ్లకే ఇచ్చి రావాలి.