చెయ్యెత్తని దేశం

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన బావగారు ఎవరైనా సరే, సోఫాలో కూర్చున్న పది నిమిషాల్లో ఈ మాట అనకుండా ఉండరు: "అక్కడ సొంత పిల్లాడి మీద చెయ్యెత్తినా పోలీసులొచ్చేస్తారు బావా!" అందులో సగం గొప్ప, సగం ఏడుపు. దెబ్బకు దెయ్యం వదులుతుందని నమ్మి పెరిగిన వాళ్లం కాబట్టి మనం కూడా "అయ్యో, మరి పిల్లలు ఎలా దారికొస్తారు?" అని కంగారు పడిపోతాం.

కంగారేం అక్కర్లేదు. చెయ్యెత్తే అవసరం లేకుండా వాళ్లు ఎప్పుడో ఏర్పాటు చేసుకున్నారు. బటన్ నొక్కితే చాలు.

మసాచుసెట్స్‌లో కాంటన్ అనే ఊళ్లో జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్ అని ఒక రెసిడెన్షియల్ స్కూలుంది. 1971లో మాథ్యూ ఇజ్రాయెల్ అనే, హార్వర్డ్‌లో చదివిన మనస్తత్వవేత్త మొదలుపెట్టారు. ఆటిజం ఉన్నవాళ్లు, తల గోడకేసి బాదుకునేవాళ్లు, ఎవరూ చేర్చుకోని పిల్లలు అక్కడే ఉండి చికిత్స పొందుతారు. 1980ల్లో రాష్ట్ర ప్రభుత్వంతో గొడవ వస్తే స్కూలు వైపు తీర్పిచ్చిన జడ్జిగారి పేరే తర్వాత స్కూలుకు పెట్టుకున్నారు. కృతజ్ఞత అంటే అలా ఉండాలి.

చికిత్స చాలా సింపుల్. పిల్లాడి వీపున బ్యాగు, బ్యాగులో బ్యాటరీ, అక్కడి నుంచి ఒంటికి వైర్లు. సిబ్బంది దగ్గర రిమోట్, దాని మీద పిల్లాడి ఫోటో. పొరపాటున పక్కవాడికి షాక్ కొట్టకూడదు కదా, ఎంత బాధ్యతో చూడండి! కొందరు పిల్లలు షాక్‌కి అలవాటు పడిపోతే ఇంకా గట్టి మోడల్ తయారు చేసుకున్నారు. దానికి మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు. పిల్లల మేలు కోరేవాళ్లు కాగితాల కోసం ఆగుతారా?

అలాగని ఎవరికి పడితే వాళ్లకు షాక్ ఇస్తారనుకోకండి. తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, కోర్టు ఒక్కొక్కరికీ విడిగా అనుమతివ్వాలి. అంత పకడ్బందీ.

2007 ఆగస్టులో ఒక అర్ధరాత్రి దాటాక ఆ స్కూలు పిల్లలుండే ఒక ఇంటికి ఫోన్ వచ్చింది. సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు అల్లరి చేశారు, షాక్ ఇవ్వండి అని పైనుంచి ఆర్డర్. నిద్రపోతున్నవాళ్లను లేపారు. మొదలుపెట్టారు. మన అమ్మమ్మకు ఫోన్ చేసి ఓటీపీ అడిగి చూడండి, "ముందు నువ్వెవరి అబ్బాయివో చెప్పు" అంటుంది. ఇక్కడ ఆ ప్రశ్న ఎవరి నోటా రాలేదు. పదో షాక్ దగ్గర రాలేదు, ముప్పయ్యో షాక్ దగ్గరా రాలేదు. యాభై దాటాక కూడా ఫోన్ పెట్టేసి ఆఫీసుకు తిరిగి ఫోన్ చేద్దామని ఎవరికీ తోచలేదు. సాయంత్రం చేసిన ఆ అల్లరి ఏమిటో కూడా ఎవరికీ పట్టలేదు. లెక్క మాత్రం పక్కాగా ఉంది: ఒకరికి 77, ఇంకొకరికి 29. ఫోన్ చేసిన "పై అధికారి" అంతకుముందు అక్కడే ఉండి వెళ్లిపోయిన ఒక పాత విద్యార్థి. పాఠం బాగా ఒంటబట్టినట్టుంది. ఆ రాత్రి వీడియోలు మాయమైన వ్యవహారం మెడకు చుట్టుకుని 2011లో ఇజ్రాయెల్ గారు కుర్చీ దిగారు.

ఇంకో వీడియో మాత్రం మిగిలింది. 2002లో తీసింది. 18 ఏళ్ల కుర్రాడు కోటు విప్పనన్నాడు. అదీ నేరం. షాక్ కొడితే అరిచాడు, అరిచినందుకు ఇంకోటి. భయంతో ఒళ్లు బిగబట్టాడు, బిగబట్టినందుకు ఇంకోటి. బోర్లా పడుకోబెట్టి కాళ్లూ చేతులూ కట్టేసి, గంటల తరబడి, మొత్తం 31 సార్లు. తల్లి కేసు వేస్తే పదేళ్ల తర్వాత ఆ వీడియో కోర్టులో అందరి ముందూ ఆడింది. ఇది చికిత్సట! కుక్కకు ఇలా చేస్తే జైల్లో వేస్తారు కదయ్యా! నొప్పి అని అరిచినందుకు మళ్లీ నొప్పి పెట్టేవాడికి జీతం ఎవరిచ్చారు? ప్రభుత్వ సొమ్ము ఇచ్చింది.

ఈ స్కూలు తలుపు తట్టిన తల్లిదండ్రుల్ని నేనేమీ అనను. కన్నబిడ్డ తన కళ్లు తానే పొడుచుకుంటుంటే, అన్ని ఆసుపత్రులూ పొమ్మంటే ఏ తల్లైనా దేనికైనా సంతకం పెడుతుంది. ఆ సంతకాన్ని అడ్డం పెట్టుకున్నవాళ్ల మీదే నా కోపం. ఇలాంటి పిల్లల్ని చూసే మిగతా చోట్ల కరెంటు లేకుండానే పని జరుగుతోంది మరి.

2011 నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు షాక్ వద్దని రాష్ట్రం చెప్పింది. పాతవాళ్లకు కొనసాగించవచ్చట! 2020లో ఎఫ్‌డీఏ ఏకంగా నిషేధించింది. 2021లో అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ తీర్పులోని తర్కం చూడండి: ఇలాంటి పరికరాన్ని సిగరెట్ మానడం లాంటి వాటికి ఉండనిచ్చి, ఈ ఒక్క వాడకాన్ని మాత్రం ఆపే అధికారం ఎఫ్‌డీఏకు లేదట. సిగరెట్ మానాలనుకున్న పెద్దమనిషి నొప్పెడితే తీసి అవతల పారేస్తాడు. ఈ పిల్లాడు పారేయగలడా?

2022 చివర్లో అమెరికా పార్లమెంటు (అక్కడ కాంగ్రెస్ అంటారు) చట్టాన్ని సవరించి ఎఫ్‌డీఏకు ఆ అధికారం ఇచ్చింది. 2024 మార్చిలో ఎఫ్‌డీఏ మళ్లీ నిషేధం ప్రతిపాదించి, ప్రజలు తమ అభిప్రాయాలు చెప్పాలని కోరింది. కోటు విప్పని కుర్రాడి అభిప్రాయం 2002లోనే రికార్డయి ఉంది, 31 సార్లు.