కౌంటర్ వెనక నేర్చిన చదువుకు క్రెడిట్ ఏది?

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. కొత్త కోడళ్లు పుట్టింట్లో ఉంటారు. లెక్క ప్రకారం బట్టల కొట్లలో గిరాకీ పడిపోవాలి. కానీ హైదరాబాద్‌లో ఆ నెల షోరూంలకు ఊపిరి సలపదు. పాత స్టాక్‌ను డిస్కౌంట్‌లో వదిలించుకుంటే శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికీ, పెళ్లి ముహూర్తాలకీ కొత్త సరుకు దించడానికి అరల్లో చోటు దొరుకుతుంది, చేతిలో డబ్బు ఆడుతుంది. ఫ్యాషన్ మార్కెటింగ్ పుస్తకాల్లో దీన్నే మార్క్‌డౌన్ అంటారు. కాకపోతే వాటిలోని ఉదాహరణలు ఎక్కువగా స్ప్రింగ్-సమ్మర్, ఆటమ్-వింటర్ సీజన్లవి. కోఠి, జనరల్ బజార్, కేపీహెచ్‌బీ కొట్లు మాత్రం రంజాన్, ఆషాఢం, శ్రావణం, బతుకమ్మ, దసరాలను చూసుకుని సరుకు తెప్పిస్తాయి.

సాయంత్రం షోరూంలో నిలబడి, రాత్రి ఫోన్‌లో ఫ్యాషన్ మార్కెటింగ్ క్లాసు వినే ఆన్‌లైన్ డిగ్రీ పిల్లలకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ‘మంచి కాలేజీలో సీటు రాలేదేమో, అందుకే ఆన్‌లైన్‌లో చేరింది’ అని వాళ్లను తక్కువ చేసి మాట్లాడతాం. మాదాపూర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో 2 ఏళ్ల ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ పీజీ ఉంది, మంచి కోర్సే. కానీ రోజంతా క్యాంపస్‌లో ఉండాలి, ఫీజు లక్షల్లో ఉంటుంది. ఇంటికి జీతం పంపాల్సిన అమ్మాయికి ఆ దారి మూసుకుపోయినట్టే. అలాంటి వాళ్లకు ఈ సబ్జెక్టులో ఉద్యోగమే సగం చదువు. ఆ సగాన్ని యూనివర్సిటీలు లెక్కలో వేయకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ధరల పాఠమే చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ దుస్తులకు 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం జీఎస్టీ. పన్ను కాకుండా 2,800 ఉన్న అనార్కలి సెట్ బిల్లులో 3,304 అవుతుంది. కొట్టు 300 తగ్గించి 2,500కు ఇస్తే బిల్లు 2,625. అంటే యజమాని వదులుకున్నది 300, కొన్నవాళ్లకు మిగిలింది 679. బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చునే పిల్లకు ఈ లెక్క వారంలో వంటబడుతుంది. 2,500 దాటిన సరుకు ఎందుకు కదలడం లేదో, 2,499 ట్యాగ్ వెనక ఏముందో ఆమె సొంతంగా చెప్పగలదు. ధరల నిర్ణయం మీద అసైన్‌మెంట్ రాయమంటే, ఎక్కడో ఐరోపా బ్రాండ్ గురించి ఇంటర్నెట్‌లో వెతికి రాసేకంటే ఇది ఎంత విలువైన సమాధానం!

ఇంతకన్నా పెద్ద పాఠం బిల్లులకు అందనిది. వచ్చిన 200 కుర్తీల్లో నెలకు 120 అమ్ముడైతే సెల్‌త్రూ, అంటే వచ్చిన సరుకులో అమ్ముడైన వాటా, 60 శాతమని కంప్యూటర్ చెబుతుంది. ‘అక్కా, ఇదే పొడుగు చేతులతో లేదా?’ అని అడిగి, లేదంటే మెట్లు దిగి వెళ్లిపోయిన వాళ్ల లెక్క అందులో ఉండదు. డబుల్ ఎక్సెల్ అడిగి మొహం చిన్నబుచ్చుకుని పోయినవాళ్లు, జేబుల్లేవని పక్కన పెట్టినవాళ్లు, ‘ఇది ఉతికితే రంగు పోతదా’ అని అనుమానపడ్డవాళ్లు, వీళ్లందరూ గుర్తుండేది సేల్స్‌లో నిలబడ్డ మనిషికే. పోగొట్టుకున్న గిరాకీని కొలవడం రిటైల్‌లో చాలా కష్టమైన పని. ఒక చిన్న నోట్‌బుక్‌లో నెల రోజులు ఈ ప్రశ్నలు రాసుకున్న విద్యార్థిని దగ్గర మార్కెట్ రీసెర్చ్ పేపర్‌కు సరిపడా అసలు సరుకు ఉంటుంది.

చేనేత విషయంలోనూ అంతే. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి 20 ఏళ్లు దాటింది. అయినా ప్రింట్ చేసిన నకళ్లు అదే పేరుతో అమ్ముడవుతూనే ఉన్నాయి. ఇకత్‌లో నేతకు ముందే దారానికి ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. ప్రింట్‌లో వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. చీర తిప్పి చూపించి, ఈ ధర ఎందుకో కొనేవాళ్లను నమ్మించగలగడం బ్రాండింగ్‌లో అసలైన పరీక్ష. ఆ నమ్మకం మీదే మగ్గం ముందున్న కుటుంబం బతుకు ఆధారపడి ఉంది. అందుకే ఈ నైపుణ్యాన్ని చిన్నదిగా చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మరి ఇబ్బంది ఎక్కడ? టైమ్ దగ్గర. చదివిన గంటలను క్రెడిట్లుగా లెక్కగట్టేందుకు 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఏడాది చదువంటే 1,200 గంటలు, 40 క్రెడిట్లు. వారానికి పంచుకుంటే దాదాపు 23 గంటలు. రోజుకు 5 గంటల చొప్పున 6 రోజులు పనిచేస్తే అవి 30 గంటలు. రెండూ కలిపి 53, ఎలాగోలా నెట్టుకురావచ్చు. కానీ మన కొట్లలో పార్ట్‌టైమ్ అన్నది పండగ రాగానే ఫుల్‌టైమ్ అయిపోతుంది. షట్టర్ దించి, లెక్క చూసి, మెట్రో ఎక్కి మియాపూర్ చేరేసరికి లైవ్ క్లాసు అయిపోయి ఉంటుంది. రికార్డింగ్ పెట్టుకుంటే పది నిమిషాల్లో కళ్లు మూతలు పడతాయి. దీన్ని బద్ధకం అనడం అన్యాయం.

దారి అదే ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది. పని అనుభవాన్ని కూడా పరీక్షించి, మదింపు చేసి క్రెడిట్లుగా మార్చవచ్చని అది చెబుతోంది. ఆషాఢం సేల్ మీద ఒక నివేదిక, దానిపై గంటసేపు మౌఖిక పరీక్ష పెట్టి 4 క్రెడిట్లు ఇస్తే ఆ విద్యార్థినికి 120 గంటలు మిగులుతాయి. చదువు స్థాయి కూడా తగ్గదు, ఎందుకంటే మౌఖిక పరీక్షలో కాపీ రాత నిలబడదు.

చేరేవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ‘ఫ్యాషన్ మార్కెటింగ్’ అనే పేరుతోనే డిగ్రీ కావాలని పట్టుబట్టకండి. గుర్తింపు ఉన్న బీబీఏ, ఎంబీఏ మార్కెటింగ్‌లో చేరి ప్రాజెక్టు ఈ రంగంలో చేసుకోవచ్చు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లోనే స్పష్టం చేశారు. అయితే ఆ అనుమతి ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి ఉందో లేదో యూజీసీలోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో జాబితాలో చూసుకోవాలి. విదేశీ యూనివర్సిటీ పేరు చెప్పి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే డిగ్రీలకు గుర్తింపు లేదని 2023 డిసెంబర్‌లో యూజీసీ హెచ్చరించింది. ఫీజు కట్టకముందే, దసరా వారంలో పేపర్ పడితే తర్వాతి విడతలో రాసుకోవచ్చా అని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

షోరూం యజమానులు చేయగలిగిందీ ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి మన దుకాణాల చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని పండగల్లోనూ పాటించాలి, పరీక్షల వారంలో షిఫ్ట్ మార్చుకోనివ్వాలి. ఈ పిల్లలు డిగ్రీ చేతికి వచ్చాక సేల్స్‌లోనే ఉండిపోకుండా, ఏ సరుకు ఎంత తెప్పించాలో నిర్ణయించే కొనుగోలు విభాగంలోకి వెళ్లే అవకాశం రాతపూర్వకంగా ఇవ్వాలి. పొడుగు చేతుల కుర్తీ ఎంతమంది అడిగి వెళ్లిపోయారో తెలిసిన మనిషి అక్కడ కూర్చుంటే వచ్చే సీజన్ ఆర్డర్ వేరేలా ఉంటుంది.