వైఫై కార్డు వారి దివ్య సముఖమునకు

గౌరవనీయులైన వైఫై కార్డు గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనని తెలుసు. లాప్‌టాప్‌లో ఏయే కార్డులున్నాయో చూపించే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టి చూశాను. తమరి కంపెనీ పేరు, మోడల్, రివిజన్ నంబరు అన్నీ నిక్షేపంగా కనిపించాయి. ఉన్నారు. పలకరు.

ఆదివారం భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చుని లినక్స్‌ని పాత ఎల్‌టీఎస్ (ఏళ్లపాటు అప్‌డేట్లు వచ్చే వెర్షన్) నుంచి కొత్త ఎల్‌టీఎస్‌కి అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. ప్యాకేజీలన్నీ బుద్ధిగా దిగాయి, బుద్ధిగా ఎక్కాయి. రీస్టార్ట్ చేయమంది, చేశాను. కొత్త వాల్‌పేపర్ వచ్చింది, బాగుంది కూడా. పైన మూలలో తమరి విసనకర్ర బొమ్మ ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. సెట్టింగ్స్ తెరిస్తే 'నో వైఫై అడాప్టర్ ఫౌండ్' అంది. అంటే అక్కడ కార్డే లేదట. ఏళ్లుగా ఈ ఇంటి కరెంటు తాగుతున్నది ఎవరు మరి?

తమరు పనిచేయాలంటే డ్రైవర్ అనే ప్రోగ్రాం కావాలి. తమరిని తయారుచేసిన కంపెనీ ఆ డ్రైవర్ని లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి పంపే శ్రమ తీసుకోలేదు. ఎవరో పుణ్యాత్ముడు బయట రాసి పెట్టింది తెచ్చుకుని డీకేఎంఎస్ అనే పనిముట్టు చేతికి అప్పజెప్పాను. కెర్నల్ మారినప్పుడల్లా అదే మళ్లీ కంపైల్ చేసుకోవాలి, అదీ ఒప్పందం. కానీ కెర్నల్ లోపలి ఫంక్షన్లు ఎప్పుడైనా మారతాయి, మారవని ఎవరూ మాటివ్వలేదు. లోపలున్న డ్రైవర్లనైతే ఆ మార్చినవాళ్లే సరిచేసిపెడతారు. బయటున్నవాటి ఖర్మ వాటిది. ఈసారి ఏదో ఫంక్షన్ ఒక ఆర్గ్యుమెంట్ (తన చేతికివ్వాల్సిన సమాచారం) ఎక్కువ అడిగింది, తమరి డ్రైవర్ అక్కడే కూలబడింది.

సరే, కొత్త కోడ్ దించుకుందామంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే తమరు లేవాలి. తమరు లేవాలంటే కొత్త కోడ్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. లాన్ కేబుల్ పెడదామా అంటే, లాప్‌టాప్ నాజూగ్గా ఉండాలని ఆ పోర్టు ఎప్పుడో ఎగరగొట్టారు. చివరికి ఫోన్‌లోని నెట్ కేబుల్ మీదుగా లాప్‌టాప్‌కి వచ్చేలా యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టాను. (ఇంట్లో ఉన్న కేబుళ్లలో సగం చార్జింగ్‌కే తప్ప డేటాకి పనికిరావని అప్పుడే తెలుస్తుంది.) ఫోన్ గుచ్చగానే నెట్ వచ్చేసింది. ఏ డ్రైవరూ అడగలేదు, ఏ అలకా లేదు. చూసి నేర్చుకోండి.

"నా ఫోన్‌లో వైఫై బానే వస్తోందిగా, మీకే ఎందుకు రాదు?" అని మా ఆవిడ గుమ్మంలోంచి అడిగింది. దానికి నా దగ్గర మర్యాదస్తుడు ఇవ్వగలిగిన జవాబు లేదు.

కొత్త కోడ్ దిగింది, కంపైల్ అయింది. దాన్ని కెర్నల్‌లోకి ఎక్కించే మాడ్‌ప్రోబ్ కమాండ్ కొడితే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్'. నా లాప్‌టాప్‌లో, నేను కంపైల్ చేసిన మాడ్యూల్‌ని (అంటే ఆ డ్రైవర్నే), నన్నెరగనట్టు సెక్యూర్ బూట్ అనే కాపలాదారు గుమ్మంలోనే ఆపేసింది. దానికి తాళం రిజిస్టర్ చేయించుకోవాలి. ఒక పాస్‌వర్డ్ పెట్టుకుని రీస్టార్ట్ చేస్తే నీలం తెర వచ్చి, పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కమంటుంది. నొక్కకపోతే ఏమీ జరగనట్టు మామూలుగా బూట్ అయిపోతుంది. సరిగ్గా ఆ పది సెకన్లలోనే మా బామ్మర్ది ఫోన్. "హాయిగా విండోస్ వేసుకోక ఎందుకు బావా ఈ గోల?" విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో నూకలు చెల్లాయి. పదకొండేమో ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లను దాదాపుగా గడప తొక్కనివ్వదు. ఇదంతా వాడికి వివరించేసరికి నీలం తెర వెళ్లిపోయింది. మళ్లీ మొదట్నుంచి.

ఎట్టకేలకు తమరు లేచారు. విసనకర్ర బొమ్మ వచ్చింది, అందులో ఒకే ఒక్క గీత. రౌటర్‌కి మూరెడు దూరంలో కూర్చుంటే ఒక గీత!

ఇక తమరూ లేదు, గిమరూ లేదు. నువ్వే.

నీ ఒంటి మీద యాంటెన్నా తగిలించుకునే చోట్లు రెండున్నాయి. లాప్‌టాప్ చేసినవాళ్లు పైసలు మిగుల్చుకోవడానికి ఒక్కదానికే వైరు తగిలించారు. నువ్వు పట్టుబట్టి వైరు లేని రెండోదాంతో వింటున్నావు! ఇదేం కొత్త రోగం కాదు. ఇదివరకే ఒక ఫైల్లో 'యాంట్‌సెల్' అని ఒక్క లైను రాసి, ఏ చెవితో వినాలో నీకు చెప్పి ఉంచాను. కొత్త కోడ్‌లో మాడ్యూల్ పేరు మారింది. కాబట్టి పాత పేరు మీదున్న ఆ లైను ఎవరికీ పట్టలేదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఒక్క ముక్క చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? నేను రౌటర్ రీస్టార్ట్ చేశాను, చానల్ మార్చాను, ఇల్లంతా లాప్‌టాప్ పట్టుకుని దీపం తిప్పినట్టు తిప్పాను. చీకటి పడ్డాక గానీ ఆ మాడ్యూల్ పేరు కంటబడలేదు. పేరు మార్చి రాస్తే గీతలన్నీ నిండాయి.

నీ తోటివాళ్ల మీద నాకు పెద్ద ఆశల్లేవు. వేలిముద్ర రీడర్ మొదట్నుంచీ అలంకారమే. సౌండ్ ఏ పూటకా పూట 'డమ్మీ అవుట్‌పుట్' అంటుంది. మూత మూసి నిద్రపుచ్చిన లాప్‌టాప్ బ్యాగులో పెనంలా కాలుతుంది. వాళ్లంతా చెప్పి చెడినవాళ్లు. నీమీదే నమ్మకం పెట్టుకున్నాను.

నీకు కనీసం నీ ఫర్మ్‌వేర్ (నిన్ను లోపల్నుంచి నడిపించే ప్రోగ్రాం) దాచుకునే జాగా కూడా లేదు. ఆన్ చేసినప్పుడల్లా డ్రైవరే తెచ్చి నీ నోట్లో పెట్టాలి. ఆ ఫైల్ సోర్సేమో మీ కంపెనీ ఎవరికీ చూపించదు. ఇలాంటి ఫైళ్లు ఇన్‌స్టాలర్‌లో ఉండాలా వద్దా అని డెబియన్ అనే లినక్స్ వాళ్లు 2022లో ఓట్లు వేసుకుని, పట్టు సడలించుకుని, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి చేర్చారు. ఎవరి కోసం మెత్తబడ్డారనుకున్నావు?

లారీ ఫింగర్ అని అమెరికాలో ఒకాయన ఉండేవారు. రిటైరైన శాస్త్రవేత్త. లినక్స్ వైఫై డ్రైవర్లకు ఏళ్ల తరబడి చాకిరీ చేశారు. 2024 జూన్‌లో, 84 ఏళ్ల వయసులో పోయారు. చిప్పులు అమ్ముకున్నవాళ్లు చేయాల్సిన పనిని, విశ్రాంతి తీసుకోవాల్సిన పెద్దాయన చేశాడ్రా! అలాంటివాళ్లు లేకపోతే నువ్వు కాస్త పచ్చరంగు రేకు ముక్కవి. సిగ్గుండాలి, నీకు కాదు, నిన్ను డబ్బాలో పెట్టి అమ్మి చేతులు దులుపుకున్నవాళ్లకి.

నిన్న రాత్రి వెనక మూత విప్పి నిన్ను చూశాను. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు. నిన్ను పట్టి ఉంచింది ఒకే ఒక్క స్క్రూ. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉన్న కార్డొకటి వెతికి కార్ట్‌లో వేశాను. ఆర్డరు నీ సిగ్నల్ మీదే పెడుతున్నాను. పేమెంట్ అయ్యేదాకా కనెక్షన్ తెగకుండా చూసుకో.

ఇట్లు,
ఓటీపీ కోసం ఎదురుచూస్తున్న
నీ యజమాని