కాలు తీయడానికి పథకం ఉంది, కాలు చూడడానికి లేదు

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ అనే షుగర్ అధ్యయనం 2023లో వెలువడినప్పుడు దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లని, ఆ అంచున ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లని తేలింది. ఈ అంకెలు అందరి నోళ్లలోనూ నానాయి. ఖర్చు ఏ దశలో మీద పడుతోందన్నది మాత్రం జరగాల్సినంత చర్చకు రాలేదు.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అక్కరకొచ్చే పథకాలు. కుళ్లిన కాలు తీయాల్సి వస్తే, కిడ్నీలు పోయి డయాలసిస్ అవసరమైతే ఆదుకుంటాయి. అంతకుముందు ఏళ్ల తరబడి సాగే మాత్రలు, పరీక్షలు చాలా ఇళ్లలో సొంత డబ్బుతోనే గడుస్తాయి. పీహెచ్‌సీలో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఉచితమే, కానీ వెళ్లి తెచ్చుకోవడానికి ఒక పూట కూలి పోతుంది.

పాదం సంగతే చూడండి. చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ముందు దెబ్బతినేవి పొడవాటి నరాలు. అందుకే తిమ్మిరి కాలివేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఆ తర్వాత నొప్పే తెలియదు. చెప్పులో మేకు పైకి తేలినా సాయంత్రం దాకా దాని మీదే నడుస్తారు. చీము పట్టి వాసన వచ్చాక ఇంట్లోవాళ్లు గమనిస్తారు.

దీన్ని ముందే పట్టుకోవడానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు చాలు. రోగిని కళ్లు మూసుకోమని, బొటనవేలి మీద, వేళ్ల మొదట్లో ఉండే మెత్తటి భాగం మీద పోగును నిటారుగా ఆనించి, వంగేదాకా నొక్కి తీయాలి. తగిలిందీ లేనిదీ చెప్పలేకపోతే ఆ పాదానికి కాపలా పోయినట్టే. ఆనె ఉన్నచోట నొక్కితే ఫలితం తప్పుతుంది. పాదం పైన, చీలమండ వెనక నాడి కూడా చూడాలి. అంతా కలిపి ఐదు నిమిషాల పని.

స్పర్శ పోయినవాళ్లకు మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు కావాలి. ఆనెల్ని బ్లేడుతో కోయకూడదు, వేడినీళ్ల కాపడం పెట్టకూడదు. పుండు పడితే కట్టు మార్చడం ఒక్కటే చాలదు, దాని మీద బరువు పడకూడదు. వారాల తరబడి మానని పుండు వెనక చాలాసార్లు ఉండే కారణం దాని మీదే నడవడం. కూలికి వెళ్లే మనిషిని ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దనడమంటే ఆరు వారాల సంపాదన మానుకోమనడమే. ఆ నష్టం ఏ ప్యాకేజీ లెక్కలోకీ రాదు.

మాత్రల కోసం ఎన్‌సీడీ క్లినిక్‌కు, అంటే షుగర్, బీపీ లాంటి అంటువ్యాధులు కాని జబ్బులు చూసే సర్కారు క్లినిక్‌కు వచ్చే ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి చెప్పులు విప్పించి పాదాలు చూడాలి. స్పర్శ తగ్గినవాళ్లను ఆరు నెలలకోసారి, ఒకసారి పుండు పడి మానినవాళ్లను నెల నుంచి మూడు నెలల్లోపే మళ్లీ పిలవాలి. చెప్పులు అక్కడే, మాత్రలతో పాటే చేతికివ్వాలి.