అట్టపెట్టె వాసన

వైను గురించి మాట్లాడేవాళ్లు ద్రాక్షపండు ఊసు మాత్రం ఎత్తరు. చెర్రీ ఉందంటారు, పొగాకు ఉందంటారు. తోలు, తడి రాయి, అప్పుడే చెక్కిన పెన్సిలు, ఒక్కోసారి గుర్రపుశాల కూడా ఉంటాయి. ద్రాక్ష ఉండదు. మస్కట్ లాంటి కొద్ది రకాల వైన్లే ద్రాక్ష వాసన వేస్తాయట. మిగతావి పుట్టింటి పేరు చెప్పుకోవు.

పైగా వైనుకు ముక్కు ఉంటుంది, ఒళ్లు ఉంటుంది, కాళ్లు కూడా ఉంటాయి. గ్లాసు తిప్పి ఆపితే లోపలి గోడ మీద చారలుగా జారేవే ఆ కాళ్లు. ఆల్కహాలు ఆవిరవుతుంటే తలతన్యత మారి అలా జరుగుతుందని జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త 1855లోనే వివరించాడు. కాళ్లు చూసి వైను మంచిచెడ్డలు చెప్పలేం. అయినా అందరూ ముందు కాళ్లే చూస్తారు. తోటలోనూ ఇదే ధోరణి. కత్తిరించిన తీగ వసంతంలో నీరు కారిస్తే ‘ఏడుస్తోంది’ అంటారు. చివరికి బూజుకు కూడా ఇక్కడ రాజయోగమే. బోట్రైటిస్ అనే బూజు పట్టి వడలిన ద్రాక్షతోనే ఫ్రాన్సులో సోటెర్న్, హంగరీలో టొకాయ్ తీపి వైన్లు తయారవుతాయి. ఆ బూజును ‘ఉదాత్తమైన కుళ్లు’ అని గౌరవిస్తారు. ఇంట్లో ఫ్రిజ్ వెనక మూలకు పట్టే బూజుకు అంత అదృష్టం లేదు.

మా బావగారు, అంటే మా ఆవిడకు అన్నయ్య, ఈ విద్యలో ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్టు సంపాదించారు. సంపాదించాక నలుగురిని పిలవకుండా ఎలా ఉంటారు? వెళ్లేసరికి ప్రతి గ్లాసు కింద రంగురంగుల చక్రం బొమ్మ పరిచి ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆన్ నోబుల్ 1980లలో రూపొందించిన వాసనల చక్రం అది. సొగసు, గాంభీర్యం లాంటి గాలి మాటలు మానేసి, ముక్కుకు నిజంగా తగిలే వాసన పేరు చెప్పాలన్నది దాని ఉద్దేశం. బావగారు ఆ సంగతి వివరంగా చెప్పి, దాని మీద గ్లాసు పెట్టి, గాలి మాటలు మొదలుపెట్టారు.

ఎర్ర వైను, చాలా పాతది, ఆయన ఎన్నాళ్లుగానో దాచుకున్నది. బిరడా తీసి గ్లాసుల్లో పోశారు. మా ఆవిడ వాసన చూసి ముక్కు చిట్లించింది. ‘‘ఇంకా మూసుకుని ఉందమ్మా. కాస్త ఊపిరి తీసుకోనివ్వు’’ అన్నారు బావగారు. అరగంట ఊపిరి తీసుకోనిచ్చాం. వాసన తగ్గలేదు సరికదా, కుర్చీలు వెనక్కి జరిపినా అందేంత పెరిగింది.

ఇక వర్ణనలు. ఒక పెద్దమనిషి కళ్లు మూసుకుని ‘‘పాత గ్రంథాలయం’’ అన్నారు. ఆయన భార్య వెనకబడటం ఇష్టం లేక ‘‘వాన వెలిసిన అడవి’’ అన్నారు. నేను గ్లాసును దీపానికి ఎదురుగా పెట్టి తల పంకించాను. ఆ పనికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. బావగారు ఒక గుక్క మింగి, చెయ్యెత్తి అందరినీ ఆగమని, వేళ్ల మీద లెక్కపెట్టసాగారు. మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో కొలవడానికి కోదలీ అనే కొలమానం ఉందట. ఒక కోదలీ అంటే ఒక సెకను. సెకను అంటే సరిపోతుంది కదా అని అడగబోయి మానుకున్నాను. ఒక చేతి వేళ్లు అయిపోయి రెండో చేతికి వచ్చారు.

‘‘అన్నయ్యా, ఇది తడిసిన అట్టపెట్టె వాసన’’ అంది మా ఆవిడ.

లెక్క ఆగిపోయింది. పెద్దమనిషి గారి భార్య జాలిగా నవ్వారు. బావగారు నవ్వలేదు. చెల్లెలి గ్లాసు పక్కకు జరిపి చక్రం మీదికి వంగారు. గ్లాసు అడుగు చేసిన తడి వలయంలో, కాగితపు వాసనల కింద, స్పష్టంగా ఉంది: తడిసిన అట్ట. ఆయన మొహంలో రంగు మారింది. కోర్సులో ఒక పాఠమంతా దాని గురించేనట. బిరడాకు పట్టిన శిలీంధ్రాలు ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థాన్ని తయారుచేస్తే అది వైనులోకి దిగుతుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు, సీసా మొత్తం పాడైనట్టే. గ్రంథాలయం, అడవి, కోదలీలు, అన్నీ ఆ బిరడా చలవే.

ఓదార్పుగా ఉంటుందని నేనొక పరిశోధన సంగతి చెప్పాను. ఫ్రాన్సులోని బోర్డోలో వైను శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైనుకు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారని 2001లో ప్రచురించారు. చదువుకున్నవాళ్లకే అలా జరిగిందన్నాను. బావగారు తనూ చదువుకున్నవాడినేనని గుర్తుచేశారు. ఓదార్పు అక్కడితో ముగిసింది.

రెండో సీసా తెచ్చారు. తెల్లది, సోవిన్యోన్ బ్లాంక్. ఈసారి ఎవరూ నోరు విప్పలేదు. అందరి కళ్లూ మా ఆవిడ ముక్కు మీదే. ఆమె వాసన చూసి, గ్లాసు నెమ్మదిగా కింద పెట్టి, ‘‘బాగుంది అన్నయ్యా’’ అంది.

‘‘మొహమాటపడకు, చెప్పు.’’

‘‘నలుగురిలో చెప్పే మాట కాదు.’’

‘‘ఫరవాలేదు, చెప్పమ్మా!’’

‘‘పిల్లి... కూర్చుని లేచినట్టుంది.’’

బావగారి మొహం వెలిగిపోయింది. ‘‘పిల్లి మూత్రం! శభాష్! ఈ రకానికి పేరు తెచ్చిన లక్షణమే అది!’’ అంటూ బల్ల చరిచారు. పెదవుల దాకా తెచ్చుకున్న గ్లాసును పెద్దమనిషి గారు జాగ్రత్తగా బల్ల మీదికి చేర్చారు.

‘‘పిల్లికి శభాష్ అయితే అట్టపెట్టె ఏం పాపం చేసింది?’’ అంది మా ఆవిడ.

‘‘పిల్లి ద్రాక్షలోంచి వచ్చింది, అట్టపెట్టె బిరడాలోంచి వచ్చింది’’ అన్నారు బావగారు, అంతకన్నా తేలికైన విషయం లోకంలో లేదన్నట్టు. పెద్దమనిషి గారు మంచినీళ్లు అడిగారు. ఇచ్చాక, తాగే ముందు, వాసన చూశారు.